పాత ఇంటి కరెంటు బోర్డు, ఇంటి బీమా: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ముప్పై, నలభై ఏళ్ల కిందటి ఇళ్లలో ఇప్పటికీ చెక్క బోర్డులు, పింగాణీ ఫ్యూజులు, ఇనుప డబ్బా మెయిన్‌లు కనిపిస్తాయి. ఆ ఇళ్లు కట్టినప్పుడు రెండు బుగ్గలు, ఒక ఫ్యాను, ఒక రేడియో ఉంటే ఎక్కువ. అదే లైను మీద ఇప్పుడు ఏసీ, గీజరు, బోరు మోటరు నడుస్తున్నాయి. ఇలాంటి ఇంటికి బీమా తీసుకునేవాళ్లు, ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

మా ఇంట్లో ఇంకా పాత ఫ్యూజు బోర్డే ఉంది. అసలు బీమా ఇస్తారా?

ఇస్తారు. మామూలు ఇంటికి పాలసీ రాసేటప్పుడు బోర్డు చూడటానికి సాధారణంగా ఎవరూ రారు. ఇల్లు ఎన్నేళ్లది, గోడలు, కప్పు దేనితో కట్టారు, నివాసమా వ్యాపారమా అని ఫారంలో అడుగుతారు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయండి. గూన పెంకుటిల్లును స్లాబు ఇల్లని ఏజెంటు రాసేస్తే సంతకం పెట్టకండి. తప్పు రాసింది ఆయనే అయినా, అది మీ మెడకే చుట్టుకుంటుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఏ కంపెనీ దగ్గర కొన్నా మూల షరతులు ఒకటే. కింద చెప్పేవన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. బోర్డు సంగతి పాలసీ కొన్న రోజు ఎవరూ అడగరు, క్లెయిము పెట్టిన రోజు సర్వేయర్ (నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే మనిషి) అడుగుతాడు. అందుకే మరమ్మతు ముందే చేయించి, కాగితం దగ్గర పెట్టుకోవాలి.

షార్ట్ సర్క్యూట్‌తో ఇల్లు కాలితే డబ్బులు వస్తాయా?

వస్తాయి, కానీ ఒక మెలిక ఉంది. అధిక లోడు, షార్ట్ సర్క్యూట్, నిప్పురవ్వలు, దానంతటదే వేడెక్కడం, కరెంటు లీకేజీ వల్ల ఏ విద్యుత్ పరికరం లేదా ఫిట్టింగు పాడైందో, ఆ ఒక్కదానికి పాలసీ డబ్బు ఇవ్వదు. పిడుగు వల్ల అలా కాలినా ఇదే నియమం. ఈ మినహాయింపు ఆ పరికరానికే పరిమితం. దాని నుంచి మంట పాకి కాలినవన్నీ పాలసీ కిందికి వస్తాయి.

ఉదాహరణకు ముందరి అర్రలో చెక్క బోర్డు షార్టై అంటుకుందనుకోండి. పైనున్న వాసాలు కాలాయి, పక్కన బీరువాలో బట్టలు కాలాయి, మంట తగిలి టీవీ కరిగింది. బోర్డుకు పైసా రాదు. వాసాలకు, బట్టలకు, టీవీకి వస్తుంది. అదే టీవీ లోపల షార్టై అదొక్కటే మాడిపోతే దానికి రాదు. చాలామంది ఈ తేడా తెలియక బోర్డు మార్చిన బిల్లు కూడా క్లెయిములో కలుపుతారు. అది కోసేస్తే కంపెనీ మోసం చేసిందనుకుంటారు.

పాత బోర్డు మార్చకపోవడం మీ నిర్లక్ష్యమే అని క్లెయిము కొట్టేస్తారా?

పాలసీ మినహాయించేది కావాలని చేసిన పనిని. మామూలు ఏమరపాటు దాని కిందికి రాదు. ఇల్లు పాతది కావడం తప్పేమీ కాదు. అయితే ఇంటిని మంచి స్థితిలో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్న బాధ్యత పాలసీలో మీ మీద ఉంది. బోర్డు ప్రమాదకరంగా ఉందని ఎలక్ట్రీషియన్ రాసిచ్చినా ఏళ్ల తరబడి పట్టించుకోలేదని, మీటరు ముందు నుంచే లైను లాగారని, ఫ్యూజు స్థానంలో ఇనుప తీగ కట్టారని సర్వేయర్ రిపోర్టులో ఎక్కితే వాదన కష్టమవుతుంది. దొంగ లైను ఉంటే మాత్రం చేతులారా క్లెయిము పోగొట్టుకున్నట్టే.

పాత బోర్డులో అసలు లోపమేంటి? ఇన్నేళ్లు బాగానే నడిచింది కదా?

నడిచినన్నాళ్లూ దాని మీద లోడు లేదు. ఒక్కో భాగం ఎలా చెడుతుందో చూడండి.

ఫ్యూజు సంగతి మొదట. పింగాణీ కిట్‌క్యాట్‌లో 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్ల, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్ల తగరం పూత రాగి తీగ వేయాలి. ఆ తీగ కూడా తన రేటింగుకు దాదాపు రెట్టింపు కరెంటు పారితేగానీ కరగదు. ఇక మాటిమాటికీ ఫ్యూజు పోతోందని రెండు మూడు పోగులు మెలేసి కట్టడం ఇంటింటా ఉంది. అప్పుడు ఫ్యూజు ఎన్నడూ పోదు. దాని బదులు గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) అయితే రేటింగుకు 1.45 రెట్లు కరెంటు పారితే గంటలోపు పడిపోవాలి, షార్టైతే రెప్పపాటులో పడిపోతుంది.

తర్వాత అల్యూమినియం వైరు. అదే మందం రాగితో పోలిస్తే దాని వాహకత్వం దాదాపు 60 శాతమే. వేడికి రాగికన్నా ఎక్కువ సాగి, చల్లారితే ముడుచుకుంటుంది. అలా సాగుతూ ముడుస్తూ స్క్రూ దగ్గర వదులవుతుంది. పైన ఏర్పడే ఆక్సైడు పొర కరెంటును అడ్డుకుంటుంది. వదులు జాయింటులో వేడి పుట్టి, ఆ వేడికి జాయింటు ఇంకా వదులవుతుంది. పాత ఇళ్లలో మంట ఎక్కువగా మొదలయ్యేది వైరు మధ్యలో కాదు, ఇలాంటి జాయింటు దగ్గరే. అల్యూమినియాన్ని రాగితో నేరుగా మెలేస్తే తేమకు ఇంకా తొందరగా తినేస్తుంది. బైమెటాలిక్ లగ్గు (రెండు లోహాలతో చేసిన కొస) లేకుండా ఆ రెండింటినీ కలపకూడదు.

చెక్క బోర్డు, చెక్క పట్టీ వైరింగు ఎండి పొడిబారి ఉంటాయి. వాటికి చెదలు, బల్లులు, ఎలుకలు తోడు. మన దగ్గర మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద ఉన్న బోర్డు లోపల వేడి ఇంకా ఎక్కువ. ఎంసీబీల రేటింగు లెక్కగట్టేది 30 డిగ్రీల దగ్గర కాబట్టి వేసవిలో అవి కాస్త ముందే పడతాయి. అది లోపం కాదు. కానీ వేసవిలో పడుతోందని 16 తీసి 32 బిగించే అలవాటు ఉంది చూడండి, ఫ్యూజులో మూడు పోగులు మెలేయడానికీ దీనికీ తేడా లేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కొన్ని పాత మెయిన్‌లలో ఫేజుకూ న్యూట్రల్‌కూ రెంటికీ ఫ్యూజు ఉంటుంది. న్యూట్రల్ ఫ్యూజు పోతే బుగ్గ ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుంటాం. ఫేజు మాత్రం స్విచ్చు దాకా, హోల్డరు దాకా అలాగే ఉంటుంది. ముట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తుంది. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదు, లింకే (కరగని లోహపు పట్టీ) ఉండాలి.

మా బోర్డు ప్రమాదంలో ఉందని ఎలా గుర్తుపట్టాలి?

అన్నీ నడుస్తున్న సమయంలో స్విచ్చు ప్లేటు మీద చేతి వెనుక భాగం ఆనించండి. తడి చేతులతో వద్దు. వెచ్చగా తగిలితే లోపల జాయింటు వదులైందని అర్థం. బోర్డు దగ్గర చిటపట చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమనడం, ఏ ఒక్కటి కనిపించినా ఆ లైను ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మోటరు వేసినప్పుడు బుగ్గలు క్షణం మసకబారడం మామూలే. నడుస్తున్నంతసేపూ మసకగా ఉంటే మామూలు కాదు.

లోడు లెక్క మీరే వేసుకోవచ్చు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు. 1.5 టన్నుల ఏసీ సుమారు 7, 2,000 వాట్ల గీజరు దాదాపు 9, ఇండక్షన్ స్టవ్వు 9, ఒక హార్స్‌పవర్ బోరు మోటరు సుమారు 6. నాలుగూ కలిస్తే 31 ఆంపియర్లు. 15 ఆంపియర్ల లైనుగా వేసిన పాత వైరింగు మీద ఈ బరువు పడుతోంది. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి.

కొత్త బోర్డు వేయించాలంటే ఏమేం కావాలి?

రెండు పడకగదుల ఇంటికి, సింగిల్ ఫేజు అయితే, 12 స్థానాలున్న (12-వే) మెటల్ డిస్ట్రిబ్యూషన్ బాక్సు, డబుల్ డోర్‌ది తీసుకోండి. మెయిన్‌గా 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, దాని తర్వాత 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు). ఈ రెండూ చెరో రెండు స్థానాలు తీసుకుంటాయి. మిగిలిన 8లో లైట్లు, ఫ్యాన్లకు 6 లేదా 10 ఆంపియర్లవి రెండు, సాకెట్లకు 16వి రెండు, వంటింటికి ఒక 16, గీజరుకు ఒక 16, ఏసీకి ఒక 20, మోటరుకు ఒక 16 సరిపోతాయి. మోటరుకు, ఏసీకి ‘సి’ కర్వు ఎంసీబీ అడగండి. లేకపోతే స్టార్టింగు కరెంటుకే పడిపోతుంది.

మెయిన్ దగ్గర ఐసోలేటరు బిగించి సరిపెట్టే వాళ్లున్నారు. ఐసోలేటరు చేత్తో ఆపడానికే, లోడు ఎక్కువైతే అది పడదు. ఆర్సీసీబీ కూడా లీకేజీని మాత్రమే పట్టుకుంటుంది, లోడును పట్టించుకోదు. అందుకే మెయిన్ ఎంసీబీయే ఉండాలి.

వైర్లు రాగివి. మీటరు నుంచి బాక్సు దాకా 6 చదరపు మిల్లీమీటర్లు, ఏసీకి, గీజరుకు 4, సాకెట్లకు 2.5, లైట్లకు 1.5. వైరు మీద ఐఎస్ 694, ఎంసీబీ మీద ఐఎస్/ఐఈసీ 60898, ఆర్సీసీబీ మీద ఐఎస్ 12640 ముద్ర చూసి కొనండి. వేసిన వైరుకు తట్టుకునే ఎంసీబీనే పెట్టాలి. 2.5 వైరుకు 16 దాటితే ఆ ఎంసీబీ ఉన్నా లేనట్టే.

బోర్డు మారిస్తే చాలా? వైరింగు మొత్తం తీయాలా?

అది మెగ్గరు పరీక్ష (వైరు తొడుగు ఇంకా బాగుందో లేదో కొలిచేది) చెబుతుంది. 500 వోల్టుల మెగ్గరుతో ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి. దానికన్నా తక్కువ వచ్చిన లైను మార్చాల్సిందే. రబ్బరు తొడుగు వైరైతే పరీక్ష కూడా అనవసరం, వంచితే పెళుసుగా విరుగుతుంది. డబ్బు ఒక్కసారి సర్దలేకపోతే ముందు బోర్డు, ఎర్తింగు, ఆపై వంటిల్లు, మోటరు లైను, చివరకు పడకగదులు. ఈ వరుస మార్చకండి.

మాది చల్క నేల, కింద రాయి. ఎర్తింగు సరిగ్గా పనిచేస్తుందా?

ఇది మన ప్రాంతపు అసలు సమస్య. ఎర్ర చల్కలో నీరు నిలవదు, వేసవికి నేల ఎండిపోతుంది, ఎర్తింగు నిరోధం పెరుగుతుంది. లెక్క చూడండి. ఎర్త్ 20 ఓములు ఉందనుకుంటే, ఫేజు వచ్చి ఫ్రిజ్ బాడీకి తగిలినా పారేది 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ అసలు కదలదు. ఫ్రిజ్ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. ఆర్సీసీబీ ఉంటే 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోతుంది. అందుకే చల్క నేలల్లో ఆర్సీసీబీ లేని బోర్డును మేం సురక్షితం అనం.

ఎర్తింగుకు 40 మిల్లీమీటర్ల జీఐ పైపు 2.5 మీటర్లది నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెట్టాలి. రాయి తగిలి లోతు దొరకకపోతే అడ్డంగా పూడ్చి ఊరుకోకండి. రెండు గుంతలు కనీసం పైపు పొడవంత దూరంలో తీసి కలపండి, లేదా బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) నింపండి. 5 ఓములలోపు వస్తే మంచిది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బిందెల నీళ్లు పోయాలి. బట్టలుతికిన నీళ్లైనా సరే.

ఆర్సీసీబీ మాటిమాటికీ పడుతోంది. తీసేయమంటున్నాడు ఎలక్ట్రీషియన్.

తీయించకండి. ఎందుకు పడుతోందో వెతికించండి. అన్ని ఎంసీబీలూ దించి, ఒక్కొక్కటే ఎత్తితే ఏ లైనులో ఉందో తెలుస్తుంది. ఏ ఎంసీబీ ఎత్తకముందే పడుతుంటే న్యూట్రల్‌లో లోపం. పాత ఇళ్లలో మూడు కారణాలు ఎక్కువ: వానకు తడిసిన గోడలో వైరు, గీజరు కాయిలు, న్యూట్రల్ కలగలిసిపోవడం. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మూడోదాన్ని ముందు అనుమానించండి. ఆర్సీసీబీ తర్వాతి న్యూట్రల్, దాని ముందరి న్యూట్రల్‌తో ఎక్కడా కలవకూడదు. ఇన్వర్టరు బిగించినవాడు తొందరలో రెంటినీ కలిపేసి ఉంటాడు.

కరెంటు ఆఫీసులో లోడు పెంచుకోకపోతే బీమాకు ఇబ్బందా?

నేరుగా కాదు. కానీ బిల్లులో ఒక కిలోవాట్ ఉండి ఇంట్లో ఏసీ, గీజరు నడుస్తుంటే, సర్వేయర్‌కు అది కంటికి కనిపించే ప్రశ్న. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నా, బిల్లు మీద లోడు ఎంతుందో ఒకసారి చదవండి. పెంచుకోవడానికి దక్షిణ డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టాలి. సింగిల్ ఫేజు సాధారణంగా 5 కిలోవాట్ల వరకే, ఆపైన త్రీ ఫేజు. మీటరు ముందరి వైరు, మీటరు సీలు మీవి కావు, వాటి జోలికి ఎలక్ట్రీషియన్‌ను పోనివ్వకండి. బోర్డు మార్చే రోజు లైన్‌మన్‌తో పోల్ దగ్గర ఆపించాలి. సమాచారానికి 1912.

ఏ కాగితాలు దాచుకోవాలి?

లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ సంతకంతో పని పూర్తయిన పత్రం, మెగ్గరు, ఎర్త్ రీడింగులు, సామాను బిల్లులు, బోర్డు తెరిచి తీసిన ఫొటోలు పాతవీ కొత్తవీ. ఇవన్నీ బీమా పాలసీతో కలిపి ఇంటి బయట ఒక కాపీ ఉంచండి, ఫోనులో అయినా సరే. ఇల్లు కాలితే బీరువాలోని కాగితాలూ కాలతాయి.

ఎంత మొత్తానికి బీమా చేయాలి?

మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందో అంతకు. స్థలం ధర కలపకండి. 900 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 1,800 రూపాయలు వేసుకుంటే 16,20,000. సామానుకు కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, అడగకుండానే కలుస్తుంది. ఈ ఉదాహరణలో 3,24,000. బ్యాంకు అప్పుతో పాటు అంటగట్టిన పాలసీ ఉంటే తెరిచి చూడండి. చాలావాటిలో గోడలకే ఉంటుంది, సామానుకు ఉండదు.

ఇంట్లో పత్తి నిల్వ ఉంటుంది. అది కూడా బీమాలో ఉంటుందా?

ఉండదు. ఇంటి సామాను అంటే ఇంటి వాడకానికి ఉన్నవి. అమ్మకానికి ఉంచిన పత్తి, వడ్లు, మడిగెలో సరుకు, పోచంపల్లి, నారాయణపేట, గద్వాల ఇళ్లలో మగ్గం మీది పట్టు, ఇవన్నీ వ్యాపార సరుకు. వాటికి వేరే పాలసీ కావాలి, ఇంట్లో ఆ పని జరుగుతోందని కంపెనీకి రాసివ్వాలి. పత్తి ధర కోసం ఆగి అర్ర నిండా పోసేవాళ్లు ఆ అర్రలో బోర్డు, సాకెట్ లేకుండా చూసుకోండి. లైను ఉంటే ఆ ఎంసీబీ దించేయండి. పత్తిలో చిన్న నిప్పురవ్వ పడితే పైకి కనిపించకుండా లోలోపల గంటల తరబడి రగులుతుంది.

ఓల్టేజీ ఎక్కువై టీవీ, ఫ్రిజ్ కాలితే?

మూల పాలసీలో రాదు. విద్యుత్, యాంత్రిక లోపాలకు అదనపు కవరు ఉన్న పాలసీ వేరే అడగాలి. పోల్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దగ్గరగా రావచ్చు, కాబట్టి బోర్డులో ఓల్టేజీ హద్దు దాటితే ఆపేసే ప్రొటెక్టరు ఒకటి పెట్టించడం మేలు. అది కవరుకన్నా ముందు పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి పాత ప్యానెల్ ఉంటే బీమాయే ఇవ్వరంటున్నాడు.

అక్కడి సంగతి నిజమే. ఫెడరల్ పసిఫిక్ స్టాబ్‌లాక్, జిన్‌స్కో అనే పాత ప్యానెళ్లలో బ్రేకర్లు పడాల్సినప్పుడు పడవన్న పేరుంది. అవి ఉన్న ఇళ్లను చాలా కంపెనీలు తిరస్కరిస్తాయి. ఫ్లోరిడాలో పాత ఇళ్లకు కప్పు, కరెంటు, నీటి పైపులు, ఏసీ, ఈ నాలుగూ తనిఖీ చేయించమంటారు. ఇక్కడ ఆ ప్యానెళ్లు లేవు, ఆ తనిఖీ పద్ధతీ లేదు. కానీ అక్కడి కంపెనీలు అడిగే ప్రశ్న ఇక్కడి పింగాణీ ఫ్యూజుకూ సరిపోతుంది: ఆగాల్సినప్పుడు కరెంటు ఆగుతుందా?

మంట వచ్చిన రోజు ఏం చేయాలి?

మెయిన్ దించండి. కరెంటు ఆగిందని తేలేదాకా నీళ్లు చల్లకండి, పొడి ఇసుక లేదా మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు వాడండి. మెయిన్ దగ్గరికి పోలేకపోతే మనుషుల్ని బయటికి తెచ్చి 101కు, 1912కు ఫోన్ చేయండి.

ఆరిన తర్వాత ఊడవకండి. ఫొటోలు, వీడియో తీసి, అదే రోజు కంపెనీకి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అగ్నిమాపక కేంద్రం నుంచి రిపోర్టు, పోలీసుల నుంచి కాగితం తీసుకోండి. క్లెయిము ఫారం 30 రోజుల్లోపు ఇవ్వాలి. కాలిన బోర్డును పాత సామాన్ల వాడికి అమ్మకండి, సర్వేయర్ చూసి రాసుకునేదాకా సంచిలో కట్టి ఉంచండి. మంట బోర్డులో పుట్టి బయటికి పాకిందని చూపేది అదే. మనిషికో పశువుకో ప్రాణాపాయం జరిగితే విద్యుత్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలియజేయాలి.

క్లెయిము తిరస్కరించారు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, కంపెనీ జవాబు నుంచి ఏడాదిలోపు. 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరణ ఉత్తరంలో ఏ మినహాయింపు రాశారో చూడండి. షార్ట్ సర్క్యూట్ మినహాయింపు చూపి ఇల్లంతా కొట్టేస్తే, అది కాలిన పరికరానికే పరిమితమన్న వాక్యాన్నే మీ అర్జీలో మొదట రాయండి.

మీటరు తాత పేరు మీద ఉంది, ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నాం. బీమా ఎవరు తీసుకోవాలి?

ఎవరి వాటాకు వాళ్లు. ఇంటి పన్ను రశీదు, వారసత్వ లేదా పంపకం కాగితం మీ పేరు మీదికి తెచ్చుకుని, కరెంటు సర్వీసు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఒకే మీటరు నుంచి రెండు వాటాలకు లైను పోతుంటే అన్న మార్చిన బోర్డు తమ్ముడి గోడలోని పాత వైరును కాపాడదు. మీటరు దాటగానే రెండు వాటాలకు రెండు ఎంసీబీలు, వీలైతే వేరే సర్వీసు తీసుకోండి. అద్దెకు ఉన్నవాళ్లు తమ సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. బోర్డు మార్చాల్సింది ఇంటి యజమాని. ఆయనకు ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా ఫొటోతో సహా వాట్సాప్‌లో పంపండి, తేదీతో రికార్డు ఉంటుంది.